బరోలో వగరుకు బెదిరిపోకండి

ప్రశ్న: మాది ఒంగోలు. మూడేళ్లుగా ఇటలీలో, టురిన్‌లో ఉద్యోగం. మా మేనేజరు ఒక బరోలో రెడ్ వైన్ సీసా బహుమతిగా ఇచ్చారు, 2020 పంటది. ఆ శనివారం రాత్రి బిర్యానీ చేసుకుని, అప్పటికప్పుడు బిరడా తీసి తాగాం. రంగు చూస్తే నీళ్లు కలిపినట్టు పల్చగా ఉంది. రెండు గుక్కలకే నాలుక పిడచకట్టుకుపోయింది. సగం సీసా సింకులో పోశాం. సోమవారం ఆయన అడిగితే అద్భుతంగా ఉందని చెప్పాను. నిజంగా ఇందులో గొప్పతనం ఉందా, లేక పేరు చూసి అందరూ పొగుడుతున్నారా? నాకే రుచి తెలియదా? నేర్చుకోవాలని మాత్రం ఉంది. సెప్టెంబరులో కాలిఫోర్నియా నుంచి మా బావగారు వస్తున్నారు. ఆయనకు వైన్ అంటే ఇష్టం. టస్కనీ తీసుకెళ్లనా, ఇక్కడే బరోలో చేసే ఆల్బా వైపు తిప్పనా? ఇంకొక సంగతి. మా పాప 2021లో పుట్టింది. తను పెద్దయ్యాక తెరవడానికి ఆ ఏడాది వైన్ కొని దాచాలని మా ఆవిడ కోరిక. ఏం కొనమంటారు?
– టురిన్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ నాలుక మీకు నిజమే చెప్పింది. చిగుళ్లు బిగిసి నోరు పొడిబారడం బరోలోకి ఉన్న గుణం. మీకు రుచి తెలియకపోవడం కాదు. నాలుగు నేరేడుపండ్లు గబగబా తింటే నోరు ఎలా పట్టేస్తుందో, ఇదీ ఆ వగరే. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని, నోటిలో ఉండే జారుడుతనాన్ని తీసేస్తాయి. బరోలో పూర్తిగా నెబ్బియోలో అనే ఒక్క రకం ద్రాక్షతోనే చేస్తారు. ఆ ద్రాక్షలో టానిన్ చాలా ఎక్కువ, పులుపు కూడా ఎక్కువే. రంగు మాత్రం తక్కువ. ఆ ఉన్న రంగు కూడా కొన్నేళ్లకే అంచుల్లో ఇటుక రంగుకు తిరుగుతుంది. కాబట్టి మీరు చూసిన పల్చదనంలో కల్తీ ఏమీ లేదు. అవతలి మనిషి కనిపించనంత నల్లగా, చిక్కగా బరోలో ఉంటే అప్పుడు నేను అనుమానిస్తాను.

అసలు ఇబ్బంది బిర్యానీతో వచ్చింది. సాధారణంగా బరోలోలో 14 శాతం, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువ ఆల్కహాల్ ఉంటుంది. ఆల్కహాల్ మిరపకాయ మంటను పెంచుతుంది. మండుతున్న నాలుక మీద టానిన్ ఇంకా గరుకుగా తగులుతుంది. మంచి బిర్యానీ, మంచి వైన్ రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకున్నాయి. ఈ వైన్ పుట్టిన పియెమొంతే ప్రాంతపు వంటింట్లో మిరపకాయకు పెద్దగా చోటు లేదు. అక్కడి తిండంతా వెన్న, గుడ్డు సొన, జున్ను, పుట్టగొడుగులు, మాంసం. కొవ్వు, ప్రోటీన్, ఉప్పు ఉన్న ముద్ద నోట్లో ఉన్నప్పుడు టానిన్ ముందు దాన్ని పట్టుకుంటుంది, మీ లాలాజలం జోలికి అంతగా రాదు. అంతవరకు వగరుగా అనిపించిన వైన్‌లోంచి అప్పుడు పండు రుచి, పూల వాసన బయటికొస్తాయి. ఇది నమ్మకం మీద ఒప్పుకోవలసిన మాట కూడా కాదు. ఒక గుక్క వైన్ తాగి, ఒక ముక్క బాగా మాగిన పర్మిజానో జున్ను నమిలి, మళ్లీ ఒక గుక్క తాగి చూడండి. తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ ప్రాంతంలో వైన్‌తో వడ్డించే పేరున్న వంటకాల్లో చాలావరకు గొడ్డుమాంసం, దూడమాంసమే. బరోలోలో గంటలకొద్దీ ఉడికించే బ్రజాతో, పచ్చి మాంసాన్ని సన్నగా కొట్టి పెట్టే కార్నె క్రూదా, చల్లగా వడ్డించే వితెల్లో తొన్నాతో, అన్నీ అవే. చిన్న చిన్న అన్యొలొత్తి పాస్తా లోపల కూడా మాంసమే ఉంటుంది. మీ ఇంట్లో అది తినకపోతే ఏమీ నష్టపోరు. వెన్న వేసిన తాయరిన్, అంటే గుడ్డు సొనలతో చేసే సన్నటి పాస్తా, బరోలోకి ఎంతో బాగా నప్పుతుంది. కస్తెల్‌మాన్యో జున్నుతో చేసే న్యోక్కి, పుట్టగొడుగుల రిజొత్తో కూడా అంతే. ఇంట్లో అయితే కారం బాగా తగ్గించి, మిరియాలూ నెయ్యితో చేసిన వేట మాంసం వేపుడు పెట్టుకోండి. కొబ్బరి, చింతపండు బాగా పడ్డ కూరలు వద్దు. గోంగూర మాంసం తినే రోజున బరోలో జోలికి పోకుండా బార్బేరా తెరవండి. అదీ ఆ కొండలదే. పులుపు దండిగా ఉండి టానిన్ తక్కువగా ఉంటుంది కాబట్టి గోంగూర పులుపును తట్టుకోగలదు.

రెండో సంగతి వయసు. నిబంధన ప్రకారం బరోలో కోత తర్వాత కనీసం 38 నెలలు నిల్వ ఉండాలి. అందులో 18 నెలలు చెక్క పీపాల్లో గడపాలి. లేబుల్ మీద రిజెర్వా అని ఉంటే 62 నెలలు. ఇంత ఆగినా, 2020 పంట సీసా ఇంకా కుర్రదే. కుర్ర బరోలోని తాగకూడదని ఎవరూ శాసించలేదు. కానీ భోజనానికి రెండు మూడు గంటల ముందు బిరడా తీసి, వెడల్పాటి గాజు జగ్గులోకి వంపి పెట్టండి. ఊరికే బిరడా తీసి సీసాలో వదిలేస్తే పెద్దగా లాభం లేదు, ఆ సన్నటి మూతి దగ్గర తగిలే గాలి ఏ మూలకూ చాలదు. పదిహేను ఇరవై ఏళ్ల పాత సీసా అయితే దీనికి పూర్తిగా విరుద్ధం. ముందు రోజే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. వంచేటప్పుడు ఆ మడ్డి రాకుండా నెమ్మదిగా పోసుకుని, ఎక్కువసేపు ఆగకుండా తాగాలి. పాత వైన్ వాసన గాలికి తొందరగా ఎగిరిపోతుంది. చల్లదనం కూడా ముఖ్యమే. 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది. జులైలో టురిన్ ఫ్లాట్‌లో గది వేడి మీద తాగితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మరీ చల్లబడినా టానిన్ ఇంకా కరుస్తుంది.

ఇక మీ ముఖ్యమైన ప్రశ్నకు వస్తాను. ఇందులో నిజంగా గొప్పతనం ఉందా? ఉంది. కానీ అది రంగులో, తీపిలో, బరువులో లేదు. వాసనలో ఉంది, గంట గంటకూ ఆ వాసన మారే తీరులో ఉంది. నెబ్బియోలో గురించి ఎవరు రాసినా గులాబీ, తారు అనే రెండు మాటలు కలిపి రాస్తారు. నేను మొదట విన్నప్పుడు ఆ జోడీని నమ్మలేదు. ఎండిన గులాబీ రేకుల పక్కనే కొత్తగా వేసిన రోడ్డు వాసన ఎలా ఉంటుందని. ఉంటుంది. దానితోపాటు చెర్రీ, నారింజ తొక్క, అతిమధురం, వయసు పెరిగాక తోలు, పుట్టగొడుగు, తడి ఆకులు. మీది ఒంగోలు కదా, బ్యారన్‌లో ఆరిన పొగాకు వాసన మీకు చిన్నప్పటి నుంచే తెలిసి ఉండాలి. పాత బరోలోలో అది స్పష్టంగా వస్తుంది, టురిన్‌లో మీ సహోద్యోగులకంటే మీరే ముందు పట్టుకుంటారు. ఇంగ్లీషు టేస్టింగ్ నోట్స్‌లో రాసే బ్లాక్‌బెర్రీ, వయొలెట్ లాంటివి మీరు ఎప్పుడూ వాసన చూడకపోతే వాటికోసం వెతుక్కోవద్దు. మీ ముక్కుకు తెలిసినవాటినే మీ మాటల్లో రాసుకోండి. గ్లాసులో మూడో వంతు మాత్రమే పోయండి, తిప్పి వాసన చూడండి, అరగంట ఆగి మళ్లీ చూడండి. రెండోసారి వాసన మొదటిదానికంటే భిన్నంగా ఉందా అన్నది ఒక్కటే మీరు గమనించవలసింది.

పేరు చూసి పొగిడేవాళ్లు ఉన్నారన్న మీ అనుమానం కూడా నిజమే. సీసా మెడ మీద అతికించిన డీఓసీజీ చీటీ, అంటే ఇటలీలో వైన్‌కిచ్చే అత్యున్నత శ్రేణి అధికారిక గుర్తింపు, నిబంధనలు పాటించారని మాత్రమే చెబుతుంది, వైన్ బాగుందని హామీ ఇవ్వదు. సూపర్ మార్కెట్‌లో అనుమానం వచ్చేంత చవగ్గా బరోలో దొరుకుతుంది. దానికంటే మంచి రైతు దగ్గర 15 యూరోల లాంగే నెబ్బియోలో, అంటే ఆల్బా చుట్టూ ఉన్న లాంగే కొండల్లో అదే ద్రాక్షతో చేసే సాదా వైన్, వెయ్యి రెట్లు నయం. అందుకే నా సలహా, ఇటలీ అంతా ఒకేసారి చుట్టబెట్టకండి. ఆ దేశంలో ఇరవై పాలనా ప్రాంతాలుంటే ఇరవైలోనూ వైన్ చేస్తారు, స్థానిక ద్రాక్ష రకాలు వందల్లో ఉన్నాయి. అన్నీ తలా ఒక సీసా తాగితే చివరికి ఏదీ గుర్తుండదు. మీరు ఉన్నది నెబ్బియోలో ఇంటి ముంగిట. ఒక ఏడాది దాన్నే పట్టుకోండి. ముందు లాంగే నెబ్బియోలో, దానికి అలవాటు పడ్డాక బార్బరెస్కో, ఆ తర్వాత బరోలో. ఒకే ద్రాక్ష, ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్న కొండలు. అయినా తేడా ఎందుకొస్తుందో నోటికి తెలియడం మొదలైతే అసలు ఆనందం అక్కడ ఉంది.

బరోలోకంటే ముందు బార్బరెస్కో తాగమనడానికి కారణం ఉంది. తనారో నదికి దగ్గరగా, బరోలో కొండలకంటే కొంచెం తక్కువ ఎత్తులో, కాస్త వెచ్చగా ఉండే చోటది. కాయ కొన్ని రోజులు ముందే పండుతుంది. నిల్వ నిబంధన కూడా 26 నెలలే, అందులో చెక్కలో తొమ్మిది. వైన్ అంత కఠినంగా ఉండదు. బరోలో తోటల్లో సుమారు మూడో వంతు విస్తీర్ణమే కాబట్టి పేరు తక్కువ వినిపిస్తుంది, అంతేగాని స్థాయిలో తక్కువని నేను ఒప్పుకోను. బార్బరెస్కో ఊళ్లో రైతుల సహకార సంఘం ఒకటుంది, ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో. ఆల్బాలోని వైన్ విద్యాలయానికి అధిపతిగా ఉన్న దొమీత్సియో కవాత్సా 1894లో తొమ్మిది మంది రైతులతో మొదటి సంఘం పెట్టాడు. ఫాసిస్టుల కాలంలో అది మూతపడింది. 1958లో ఆ ఊరి చర్చి ఫాదరు పంతొమ్మిది మంది చిన్న రైతులను కూడగట్టి మళ్లీ నిలబెట్టాడు. ఇవాళ యాభైకి పైగా కుటుంబాలు అందులో ఉన్నాయి. వాళ్లు నెబ్బియోలో తప్ప మరో ద్రాక్ష ముట్టుకోరు. లాంగే నెబ్బియోలో చేస్తారు, మామూలు బార్బరెస్కో చేస్తారు, మంచి ఏడాదైతే తొమ్మిది తోటల కాయలను దేనికది విడిగా సీసాల్లో పడతారు. అజీలి, రబాయా, ఒవెల్లో వంటివి ఆ తోటల పేర్లు. ఒకే చేతి కింద తయారైన ఆ సీసాలు రెండు పక్కపక్కన పెట్టుకుని తాగితే, నేల చేసే తేడా గురించి ఏ పుస్తకమూ చెప్పలేనంత తెలుస్తుంది. నలుగురు మిత్రులు కలిసి కొంటే ధర కూడా భారం కాదు.

బరోలో పదకొండు ఊళ్ల పరిధిలో ఉంటుంది. అందులో ఐదు ఊళ్లు గుర్తుపెట్టుకుంటే చాలు: లా మోర్రా, బరోలో, కాస్తిల్యోనె ఫల్లెత్తో, మొన్‌ఫోర్తె, సెర్రాలుంగా. ఇదంతా కోటి ఏళ్ల కిందట సముద్రపు అడుగు. స్థూలంగా చెప్పాలంటే పడమటి వైపున లా మోర్రా, బరోలో ఊళ్ల నేల నీలం బూడిద రంగు సున్నపు బంకమట్టి. అక్కడి వైన్ పూలవాసనతో, కొంచెం త్వరగా మెత్తబడుతుంది. తూర్పున సెర్రాలుంగా, మొన్‌ఫోర్తె నేల ఇంకా పాతది, ఇసుకరాయి పొరలు ఎక్కువ. అక్కడి వైన్ గట్టిగా, ఏళ్ల తరబడి ఆగమనేలా ఉంటుంది. ఏటవాలు, ఎత్తు, రైతు చేయి వల్ల దీనికి మినహాయింపులు బోలెడు. నెబ్బియోలో తొందరగా చిగురించి ఆలస్యంగా పండే రకం. కోత అక్టోబరు దాకా పోవచ్చు. అందుకే ఎండ బాగా తగిలే దక్షిణపు వాలులు, చలికాలంలో మంచు ముందుగా కరిగే చోట్లు దీనికి కేటాయించి, మిగతా వాలుల్లో బార్బేరా, దొల్చెత్తో అనే వేరే ద్రాక్షలు, హేజల్‌నట్ తోటలు వేస్తారు. సీసా మీద కన్నుబి, బ్రునాతె, బుస్సియా, విన్యా రియొందా అని కనిపించేవి ఆ తోటల పేర్లే. 2010 నుంచి వాటి హద్దులు అధికారికంగా గీశారు.

మీరు వైన్ షాపులో అడగవలసిన ఒక ప్రశ్న ఉంది: పెద్ద పీపానా, చిన్న పీపానా? దీని వెనక ఒక పెద్ద తగాదా నడిచింది. తాతల కాలం నుంచి బరోలోను వేల లీటర్లు పట్టే పాత చెక్క పీపాల్లో ఏళ్లపాటు ఉంచేవారు. 1980ల్లో కొందరు కుర్ర రైతులు ఫ్రాన్స్ వెళ్లి చూసొచ్చి, 225 లీటర్ల కొత్త ఓక్ పీపాలు (వీటినే బారిక్ అంటారు), ద్రాక్ష తొక్కలను రసంలో తక్కువ రోజులు నాననివ్వడం మొదలుపెట్టారు. లా మోర్రాలో ఎలియో అల్తారె 1983లో తండ్రి పాత పీపాలను రంపంతో కోసేశాడు. తండ్రి ఆయనకు ఆస్తి దక్కకుండా చేశాడు. అవతలి పక్షాన బార్తొలో మస్కరెల్లో, "బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని (బెర్లుస్కోనీ ఇటలీ రాజకీయ నాయకుడు) తన చేత్తో బొమ్మ వేసిన లేబుల్ సీసాలకు అంటించాడు. ఇప్పుడు ఆ వేడి చల్లారింది, చాలామంది మధ్యే మార్గానికి వచ్చారు. అల్తారె తరంవాళ్లు ఊరికి శుభ్రత, తక్కువ దిగుబడితో మంచి కాయ అనే క్రమశిక్షణ తెచ్చారు, ఆ మేలు మరువలేనిది. కానీ కొత్త ఓక్ ఇచ్చే వెనిల్లా, కాఫీ వాసన నెబ్బియోలో గులాబీని మింగేస్తుందన్నది నా గట్టి అభిప్రాయం. నేర్చుకునే రోజుల్లో పెద్ద పీపాల వైనే కొనండి.

మీ బావగారి విషయానికి వస్తే, ఆల్బా వైపే తీసుకెళ్లండి. టురిన్ నుంచి అరవై కిలోమీటర్ల దూరం, రైలు కూడా ఉంది. టస్కనీకి నాలుగైదు రోజులైనా పెట్టకపోతే దారిలోనే సగం సమయం పోతుంది. అయితే ఆయన కాలిఫోర్నియాలో కేబర్నే ద్రాక్షతో చేసే వైన్‌కి అలవాటుపడ్డ మనిషి అయ్యుంటారు. చిక్కదనం, పండిన పండు తీపి, ఓక్ వాసన ఆశిస్తారు. మొదటి గ్లాసే కుర్ర బరోలో ఇస్తే మీకు జరిగిందే ఆయనకూ జరుగుతుంది. మొదటి సాయంత్రం బార్బేరా దాల్బా పోయండి, రంగు చిక్కగా, పండు రుచి నిండుగా ఉంటుంది, ఆయన స్థిమితపడతారు. మర్నాడు పొద్దున బార్బరెస్కో ఊరు. అక్కడ పాత సాన్ దొనాతో చర్చిలో ప్రాంతీయ ఎనోతెకా నడుపుతున్నారు, అనేక మంది రైతుల వైన్లు ఒకే చోట గ్లాసు లెక్కన రుచి చూడొచ్చు. ఒక రైతు దగ్గరకే వెళ్లి మొహమాటానికి ఆరు సీసాలు కొనే ఇబ్బంది ఉండదు. మధ్యాహ్నం మీదుగా లా మోర్రా కొండ మీదికి వెళ్లి, అక్కడి బెల్వెదేరె నుంచి కింద బరోలో, కాస్తిల్యోనె, దూరంగా సెర్రాలుంగా కోట బురుజు చూపించండి. పైన నేను రాసిన ఊళ్లన్నీ ఆ ఒక్క చోట నుంచి కనబడతాయి. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన తోటలివి. సెర్రాలుంగా వెళ్లే దారిలోనే ఫొంతానాఫ్రెద్దా ఉంది, ఇటలీ మొదటి రాజు రెండో విత్తోరియో ఎమాన్యుయేలే ఎస్టేటు అది.

సెప్టెంబరులో దొల్చెత్తో, బార్బేరా కోతలు నడుస్తుంటాయి. రైతులకు ఊపిరి సలపని రోజులు. చిన్న తోటలకు నాలుగైదు వారాల ముందే ఈమెయిల్ పెట్టండి, ఆదివారం వెళ్లకండి, టేస్టింగ్‌కు డబ్బు తీసుకుంటే అది సబబేనని బావగారికి ముందే చెప్పండి. ఉమ్మే పాత్ర పెడతారు, అందులో ఉమ్మడం మర్యాదే. ఇటలీలో రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపకూడదు. లైసెన్సు తీసుకుని మూడేళ్లు నిండనివాళ్లకైతే సున్నా. మీరు ఇక్కడి లైసెన్సు ఈ మధ్యనే తీసుకుని ఉంటే ఆ రెండో నియమం మీకే వర్తిస్తుంది. కారు, డ్రైవరును మాట్లాడుకోవడమే తెలివైన పని.

టస్కనీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నెబ్బియోలో మీకు పట్టుబడ్డాక, తర్వాతి ఏడాది సాంజొవేజె ద్రాక్ష కోసం వెళ్లండి. ఇందులోనూ పులుపు, టానిన్ ఉంటాయి, చెర్రీ రుచి ముందుకొస్తుంది, టమాటాతో చేసిన వంటకు ఇంతకంటే నప్పేది లేదు. ఫ్లారెన్స్, సియెనా మధ్యనున్న కియాంటి క్లాసికో వేరు, దాని చుట్టూ విశాలంగా పరుచుకున్న మామూలు కియాంటి వేరు. టస్కనీ పాలకుడు మూడో కాసిమో ద మెదిచి 1716లోనే ఒక ఫర్మానాతో ఆ పాత కియాంటి హద్దులు గీశాడు. సీసా మెడ మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటే అది క్లాసికో. అందులో కనీసం 80 శాతం సాంజొవేజె ఉంటుంది, ధర, రుచి రెండింటిలో నాకు ఇటలీ అంతటా అత్యంత న్యాయమైన వైన్ అనిపించేది ఇదే. ఇంకా దక్షిణాన మొంతాల్చీనో కొండ. అక్కడి బ్రునెల్లో నూటికి నూరు శాతం సాంజొవేజె. బియొంది సాంతి కుటుంబం 1888 పంటతో దానికి పేరు తెచ్చింది. కోత జరిగిన తర్వాత ఐదో ఏడాది జనవరికి గాని బజారులోకి రానివ్వరు. అంత ఆగలేనివాళ్లకు అదే తోటల నుంచి రొస్సో ది మొంతాల్చీనో ఉంది, మంచి రైతుదైతే సగం ధరకు ముప్పాతిక ఆనందం ఇస్తుంది. ఒక తికమక నుంచి మాత్రం తప్పించుకోండి. వీనో నోబిలె ది మొంతెపుల్చానో అంటే టస్కనీలోని మొంతెపుల్చానో ఊరి వైన్, అదీ ప్రధానంగా సాంజొవేజేనే. మొంతెపుల్చానో ద్ అబ్రూత్సో అంటే అబ్రూత్సో ప్రాంతంలో ఆ పేరున్న వేరే ద్రాక్షతో చేసింది. రెండింటికీ చుట్టరికం లేదు.

బావగారి రుచికి టస్కనీలో సరిపోయేది సముద్రతీరాన బొల్గెరి. అక్కడ కేబర్నేతో చేసిన సస్సికాయా 1968 పంటతో బజారులోకి వచ్చినప్పుడు నిబంధనల్లో దానికి చోటు లేక, దేశంలోని గొప్ప వైన్లలో ఒకటి ఉత్త టేబుల్ వైన్, అంటే సాదా రకం వైన్ అనే లేబుల్‌తో అమ్ముడుపోయింది. దాని ధర ఇప్పుడు సామాన్యుడికి అందేది కాదు. ఆయనకు బహుమతి ఇవ్వాలంటే వెరోనా దగ్గర వల్‌పొలిచెల్లా కొండల అమరోనే తీసుకోండి. కోసిన ద్రాక్షను మూడు నాలుగు నెలలు అటకల మీద ఆరబెట్టి, ఎండుద్రాక్షకు దగ్గరగా వచ్చాక పులియబెడతారు. చిక్కగా, ఘాటుగా, 15 శాతం దాటే ఆల్కహాల్‌తో ఉంటుంది. నాకు ఒక గ్లాసుతో సరి.

దక్షిణాదిలో కంపానియా కొండల తౌరాజి, చల్లారిన అగ్నిపర్వతం వుల్తురె వాలుల్లోని అల్యానికో, నెబ్బియోలో ఇష్టపడ్డవాళ్లు తప్పక వెతుక్కోవలసినవి. సిసిలీలో ఎట్నా పర్వతం మీద నల్ల లావా రాళ్ల మెట్ల తోటల్లో పండే నెరెల్లో మస్కలేజె కూడా అంతే. పల్చటి రంగు, గట్టి వెన్నెముక, పొగలాంటి వాసన. వీటి సంగతి మరోసారి అడగండి, ఒక్కొక్కటీ ఒక్కో ఉత్తరమంత ఉంది.

మీ మేనేజరుకు నిజం చెప్పేయండి. బిర్యానీతో, అప్పటికప్పుడు తెరిచి తాగామని, సరిగా అర్థం కాలేదని. పియెమొంతే మనిషికి తన వైన్ గురించి ఎవరైనా మనసారా అడగడం కంటే సంతోషం ఇంకొకటి ఉండదు. ఈసారి ఆయన చేతే ఒక సీసా ఎంపిక చేయించి, తాయరిన్ మీరు వండి, భోజనానికి ఇంటికి పిలవండి. ఏ రైతు దగ్గర కొంటున్నారో కూడా అడిగి తెలుసుకోండి. పరిచయం ఉన్న చోట సెప్టెంబరులో కూడా తలుపు తెరుస్తారు.

చివరగా పాప సీసా. అదృష్టవంతులు మీరు. 2021 లాంగే కొండల్లో మంచి పంటగా పేరు తెచ్చుకుంది. టానిన్, పులుపు, పండు మూడూ పొందికగా ఉన్నాయి, దాచడానికి పనికొస్తుంది. ఆ పంట బరోలోలు 2025 నుంచి బజారులో ఉన్నాయి. సెర్రాలుంగా లేదా మొన్‌ఫోర్తె నుంచి, పెద్ద పీపాల్లో చేసే రైతుది తీసుకోండి. 45 నుంచి 60 యూరోలకు మంచిది వస్తుంది. ఒక్క సీసా కొనకండి, కనీసం మూడు కొనండి. ఒకటి పాపకు పదేళ్లప్పుడు మీ ఇద్దరూ తెరిచి ఎలా నడుస్తోందో చూడాలి, ఇంకొకటి బిరడా చెడిపోయి పోవచ్చు. అసలుది తనకు ఇరవై దాటాక. సీసాలు పడుకోబెట్టి ఉంచాలి, లేకపోతే బిరడా ఎండిపోయి గాలి దూరుతుంది. వెలుతురు తగలకూడదు, కుదుపులు ఉండకూడదు, 12 నుంచి 15 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే మేలు. వంటింటి అలమరా మీద పెడితే ఐదేళ్లలో ఉడికిపోతుంది. టురిన్ పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి నేలమాళిగలో ఫ్లాటుకొక కంతీనా ఉంటుంది. మీ అగ్రిమెంటు చూడండి, మీకూ ఉండొచ్చు. కొనేముందు జులై, ఆగస్టుల్లో అక్కడ ఒక థర్మామీటరు పెట్టి చూసుకోండి. 20 లోపు ఉంటే సీసాలు అక్కడే పడుకోబెట్టండి. దాటితే ఒక చిన్న వైన్ క్యాబినెట్ కొనక తప్పదు. ఇల్లు మారే అవకాశం ఉంటే క్యాబినెట్టే మేలు.